కెనూ స్లాలమ్: ఉరవడి నీటిలో రెండు సెకన్ల విలువ

2021 జూలై 27న టోక్యోలోని కసాయ్ కేంద్రంలో ఒలింపిక్స్ మహిళల కయాక్ స్లాలమ్ ఫైనల్ జరిగింది. ఆస్ట్రేలియా క్రీడాకారిణి జెస్సికా ఫాక్స్ ఉరవడి నీటిని దాటి గమ్యం చేరేందుకు తీసుకున్న సమయం 102.73 సెకన్లు. జర్మనీకి చెందిన రికార్డా ఫుంక్ తీసుకున్న సమయం 105.50 సెకన్లు. లెక్క ప్రకారం ఫాక్స్ దాదాపు మూడు సెకన్లు ముందుంది. అయినా స్వర్ణ పతకం ఫుంక్ మెడలో పడింది. స్పెయిన్‌కు చెందిన మైయాలెన్ చౌరౌత్ 106.63 సెకన్లతో రజతం అందుకుంది. ఫాక్స్‌కు కాంస్యమే దక్కింది. కారణం ఒక్కటే. దారిలో వేలాడే కర్రలను ఆమె రెండుసార్లు తాకింది. తాకిన ప్రతిసారీ రెండు సెకన్ల జరిమానా పడింది. నాలుగు సెకన్లు కలిసేసరికి ఆమె సమయం 106.73 అయింది. రజతానికీ కాంస్యానికీ మధ్య తేడా సెకనులో పదో వంతు.

కెనూ స్లాలమ్ అనే క్రీడ స్వభావమంతా ఈ ఒక్క ఫలితంలో కనిపిస్తుంది. వేగం లేనిదే ఇందులో గెలుపు లేదు. కానీ వేగం ఒక్కటే ఎవరినీ గెలిపించదు. మన దేశంలో ఈ పోటీని చూసినవారు తక్కువ. ఒలింపిక్స్ జరిగే రోజుల్లో టీవీలో కొన్ని నిమిషాలు కనిపించి మాయమయ్యే ఆటగానే చాలామందికి ఇది పరిచయం. నదులకు కొదవ లేని దేశం ఒలింపిక్ స్లాలమ్‌లో ఇంతవరకు ఒక్క పడవనైనా ఎందుకు దింపలేకపోయిందన్నది మాత్రం ఆలోచించదగ్గ ప్రశ్న.

ఆట ఎలా సాగుతుంది

'స్లాలమ్' నార్వే భాష నుంచి వచ్చిన మాట. వాలు మీద దారి అన్నది దాని అర్థం. మంచు కొండల మీద జెండాల మధ్య వంకర టింకరగా జారే స్కీయింగ్ పోటీకి ఆ పేరు ముందే ఉంది. 1930ల తొలి సంవత్సరాల్లో స్విట్జర్లాండ్‌లో కొందరు పడవ ప్రియులు అదే ఆలోచనను నీటి మీదకు తెచ్చారు. మొదటి ప్రయత్నాలు నిలకడ నీటి మీదే జరిగాయి. పారే నీటిలోకి దిగాకే ఆటకు అసలు ప్రాణం వచ్చింది. తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1949లో జెనీవాలో జరిగింది.

పోటీ మార్గం పొడవు సాధారణంగా 200 నుంచి 400 మీటర్లు. నీటికి అడ్డంగా కట్టిన తీగల నుంచి జంట కర్రలు వేలాడుతుంటాయి. ఒక్కో జంట ఒక గేటు. మొత్తం 18 నుంచి 25 గేట్లు ఉంటాయి. ఆకుపచ్చ, తెలుపు చారలున్న గేట్లను నీటి వాలున దాటాలి. ఎరుపు, తెలుపు చారలున్నవాటిని ఎదురు తిరిగి, ఎగువ దిశగా దాటాలి. ఇలాంటి ఎదురు గేట్లు కనీసం ఆరు ఉండాలి. కర్రను పడవ గాని, తెడ్డు గాని, ఒంటి మీది చొక్కా అంచు గాని తాకితే రెండు సెకన్లు కలుపుతారు. ఒకప్పుడు ఈ జరిమానా ఐదు సెకన్లు ఉండేది. గేటును వదిలేసినా, తల పూర్తిగా రెండు కర్రల మధ్య నుంచి వెళ్లకపోయినా 50 సెకన్ల జరిమానా తప్పదు. మొత్తం పరుగే సుమారు తొంభై నుంచి నూటపది సెకన్లలో ముగిసే పోటీలో 50 సెకన్లు కలిశాయంటే ఆ రోజుకు ఆశ వదులుకోవలసిందే.

పడవలు రెండు రకాలు. కయాక్‌లో కాళ్లు ముందుకు చాచి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు వాడతారు. కెనూలో మోకాళ్ల మీద కూర్చుని ఒకే రెక్క ఉన్న తెడ్డు వేస్తారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి. రెండింటికీ పైభాగం మూసే ఉంటుంది. పడవలోకి నీరు చేరకుండా క్రీడాకారుడి నడుము చుట్టూ బిగుతైన కప్పు ఉంటుంది. తెడ్డు చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక వైపు మాత్రమే తెడ్డు వేస్తూ పడవను రెండు వైపులకూ తిప్పవలసి రావడం వల్ల కెనూ మరింత కష్టమని ఈ రంగంలో ఉన్నవారు అంటారు. గోదావరి లంకల్లో దోనె నడిపేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఒంటి తెడ్డుతో పడవను సూటిగా నడపడమే ఒక విద్య.

పడవ పొడవు కనీసం మూడున్నర మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు ఉండాలి. ఒకప్పుడు నాలుగు మీటర్ల పడవలు తప్పనిసరి. 2005లో ఆ నిబంధన మారాక పడవలు పొట్టివయ్యాయి, మలుపులు చురుకయ్యాయి. కార్బన్ పోగులతో తయారయ్యే ఈ పడవలు మనిషి ఒంటిచేత్తో ఎత్తి భుజాన వేసుకోగలిగినంత తేలిక. రాతిని గట్టిగా తగిలితే పగలడమూ అంతే తేలిక.

నీటిని చదవడం

ఈ ఆటలో గమనించవలసిన అతి ముఖ్యమైన సంగతి ఒకటుంది. పోటీకి ముందు ఆ మార్గంలో పడవ నడిపి చూసే అవకాశం క్రీడాకారులకు ఉండదు. నీరు, రాళ్లు తెలిసినవే కావచ్చు. గేట్ల అమరిక మాత్రం పోటీకి కాస్త ముందే ఖరారవుతుంది. పోటీలో లేని కొందరు పడవ నడిపి చూపిస్తారు. అసలు పోటీదారులు గట్టు మీద నడుస్తూ చూడాలి, ప్రతి గేటునూ గుర్తు పెట్టుకోవాలి. ఎక్కడ ఎన్ని తెడ్లు వేయాలో, ఏ మలుపులో ఏ భుజం వంచాలో మనసులోనే సాధన చేయాలి. కళ్లు మూసుకుని చేతులను గాలిలో తిప్పుతూ నిలబడ్డ క్రీడాకారులు ఏ పోటీ గట్టు మీదనైనా కనిపిస్తారు. మన అవధానులు అడిగిన అంశాలన్నిటినీ ధారణలో నిలుపుకుని వరుస తప్పకుండా అప్పజెప్పే తీరు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఇక్కడ పృచ్ఛకుల పాత్ర నీటిది. అది అడిగే ప్రశ్న ప్రతి క్షణం మారుతుంది.

ఎదురు గేట్లను దాటడంలో ఈ కళ మరింత స్పష్టమవుతుంది. సెకనుకు టన్నుల కొద్దీ దూసుకొచ్చే నీటికి ఎదురీదడం మనిషి బలంతో అయ్యే పని కాదు. కానీ ప్రవాహంలో ఒక పెద్ద బండ అడ్డు వస్తే దాని వెనుక నీరు వాలున పారదు. అక్కడ ఖాళీ అయిన చోటును నింపేందుకు వెనక్కి తిరిగి, ఎగువ వైపు కదులుతుంది. దీన్ని పడవవారు ఎడ్డీ అంటారు. ఎదురు గేటు సాధారణంగా ఈ ఎడ్డీ మీదే వేలాడుతుంది. నిపుణుడైన క్రీడాకారుడు ప్రధాన ప్రవాహం నుంచి సరైన కోణంలో ఆ తిరుగు నీటిలోకి ముక్కు దూర్చి, తెడ్డును నీటిలో స్తంభంలా నిలిపి, దాని చుట్టూ పడవను తిప్పుతాడు. తిరుగు నీరే అతన్ని గేటు గుండా పైకి మోస్తుంది. అర మీటరు ముందుగా మలుపు తిప్పితే కర్ర తగులుతుంది. అర మీటరు ఆలస్యమైతే ప్రవాహం గేటు దాటించి కిందికి కొట్టుకుపోతుంది. వెనక్కి వచ్చేందుకు అయిదారు సెకన్లు పడతాయి. ఆపై పతకం మాట ఉండదు.

అందుకే ఈ క్రీడలో ఒళ్లు విరిచే కండబలం ఉన్నవారే గెలుస్తారన్న నియమం లేదు. వయసు కూడా పెద్ద అడ్డంకి కాదు. స్లొవేకియాకు చెందిన మిహల్ మార్తికాన్ 1996 అట్లాంటా క్రీడల్లో కెనూ స్వర్ణం గెలిచాడు. స్వతంత్ర స్లొవేకియాకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఆ తర్వాత అతను 2000, 2004లలో రజతాలు, 2008లో మళ్లీ స్వర్ణం, 2012లో కాంస్యం గెలుచుకున్నాడు. పదహారేళ్ల వ్యవధిలో ఐదు పతకాలు. 2000, 2004, 2012లలో స్వర్ణం అతని చేతికి చిక్కకుండా ఎగరేసుకుపోయినవాడు ఒక్కడే: ఫ్రాన్స్‌కు చెందిన టోనీ ఎస్తాంగె. 2024 పారిస్ ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షుడిగా ప్రపంచం చూసిన వ్యక్తి ఆయనే.

కాంక్రీటు నది

స్లాలమ్ చరిత్రను మలుపు తిప్పినది ఒక క్రీడాకారుడు కాదు, ఒక కాలువ. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి చోటు దక్కింది. మ్యూనిక్‌కు సమీపంలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో లేఖ్ నది నుంచి నీరు తీసుకునే ఐస్‌కనాల్ అనే కాలువ ఉండేది. నగర జలయంత్రాలకు శీతాకాలపు మంచు గడ్డలు అడ్డుపడకుండా వాటిని పక్కకు మళ్లించే దారి అది. పేరులోని 'ఐస్' అందుకే. ఆ చోట కాంక్రీటుతో బండలు, గోడలు కట్టి ప్రపంచంలోనే తొలి కృత్రిమ ఉరవడి మార్గాన్ని నిర్మించారు.

అప్పటికి జర్మనీ రెండుగా చీలి ఉంది. పడమటి జర్మనీ కట్టిన కాలువను తూర్పు జర్మనీ శ్రద్ధగా పరిశీలించి, త్స్వికావ్ పట్టణంలో దానికి నకలు కట్టుకుంది. క్రీడాకారులు అక్కడే సాధన చేశారు. ఒలింపిక్స్ రోజున నాలుగు విభాగాల్లో నాలుగు స్వర్ణాలూ తూర్పు జర్మనీకే దక్కాయి. ఆతిథ్య జట్టుకు సొంత నీటి మీద ఒక్క స్వర్ణమూ రాలేదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు క్రీడా పోటీల్లో ఇది కొంత వినోదం కూడా కలిగించే ఘట్టం. అయితే అందులోని పాఠం వినోదమైనది కాదు. పోటీ నీటిని పోలిన నీరు ఎవరి దగ్గర ఉంటే వారిదే పైచేయి. ఈ సూత్రం అర్ధ శతాబ్దం దాటినా మారలేదు.

ఆ కాంక్రీటే క్రీడకు శత్రువూ అయింది. ఒక్క పోటీ కోసం ఇంత ఖర్చు పెట్టేందుకు తర్వాతి ఆతిథ్య నగరాలు ముందుకు రాలేదు. ఇరవై ఏళ్ల పాటు ఒలింపిక్స్‌లో స్లాలమ్ లేదు. 1992 బార్సిలోనా క్రీడల్లో పిరనీస్ కొండల పట్టణమైన లా సేవు దుర్జెల్‌లో ఇది తిరిగి ప్రవేశించింది. 1996లో అట్లాంటా నిర్వాహకులు వేరే దారి పట్టారు. టెనెసీ రాష్ట్రంలోని ఒకోయీ నదిలో, ఆనకట్ట నీటిని మళ్లించడం వల్ల ఎండిపోయి ఉన్న ఒక భాగాన్ని ఎంచుకుని, నదీగర్భాన్ని రాళ్లతో సవరించి, పోటీ వేళకు ఎగువ నుంచి నీరు వదిలారు. ఆ తర్వాత సిడ్నీ నుంచి పారిస్ వరకు జరిగిన ఒలింపిక్ పోటీలన్నీ పంపులతో నీటిని ఎత్తి పోసే కాలువల్లోనే జరిగాయి.

ఈ కాలువల లెక్క ఒకసారి చూడాలి. 2012 లండన్ క్రీడల కోసం కట్టిన లీ వ్యాలీ కేంద్రంలో ప్రధాన మార్గం పొడవు 300 మీటర్లు, వాలు ఐదున్నర మీటర్లు, ప్రవాహం సెకనుకు 13 ఘనపు మీటర్లు. అంటే సెకనుకు 13 టన్నుల నీరు. మన నగరాల్లో తిరిగే ఐదు వేల లీటర్ల నీటి ట్యాంకర్లు ప్రతి సెకనుకూ రెండున్నర చొప్పున ఖాళీ అవుతున్నట్టు ఊహించుకోవచ్చు. కిందికి చేరిన నీటిని తిరిగి ఐదున్నర మీటర్ల ఎత్తుకు పంపు చేయాలి. భౌతికశాస్త్ర సూత్రం ప్రకారం దీనికి తక్కువలో తక్కువ 700 కిలోవాట్ల శక్తి కావాలి. యంత్రాల్లో జరిగే నష్టాలు దీనికి అదనం. రైతుల బోర్లకు బిగించే ఐదు హార్స్‌పవర్ మోటార్లు సుమారు 190 ఒకేసారి తిరిగినంత పని అది. నీరు వృథా కాదు. అదే నీరు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కరెంటు బిల్లు మాత్రం ప్రతి గంటా పెరుగుతుంది.

ఈ బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్నకు ఒక్కో నగరం ఒక్కో జవాబు చెప్పింది. సిడ్నీ శివార్లలోని పెన్‌రిత్ కేంద్రం, లండన్ సమీపంలోని లీ వ్యాలీ కేంద్రం సాధారణ ప్రజలకు తెప్ప సవారీలు అమ్ముతూ నిలదొక్కుకున్నాయి. లీ వ్యాలీలో ఒలింపిక్స్ ముగిశాక 2015లో, 2023లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరిగాయి. ఏథెన్స్ కథ వేరు. 2004 క్రీడలకు పాత విమానాశ్రయం స్థలంలో, సముద్రపు ఉప్పునీటితో నడిచేలా కట్టిన హెల్లెనికో కాలువ పోటీల తర్వాత పాడుబడింది. ఎండిన కాంక్రీటు గోడల చిత్రాలు ఒలింపిక్ దుబారాకు ప్రతీకగా నేటికీ పత్రికల్లో కనిపిస్తుంటాయి. ఆగ్స్‌బర్గ్ కాలువకు మాత్రం పంపులు లేవు, నది వాలే చాలు. అందుకే అది యాభై ఏళ్లుగా నడుస్తోంది. ఆ నగర జల నిర్వహణ వ్యవస్థను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఐస్‌కనాల్‌కూ అందులో చోటు దక్కింది. 2022 ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడే జరిగింది.

మహిళలకు ఆలస్యంగా తెరుచుకున్న గేటు

కెనూ విభాగంలో మహిళలు ఒలింపిక్ పోటీకి దిగేందుకు 2021 వరకు ఆగవలసి వచ్చింది. అంతవరకు పురుషులకు మూడు విభాగాలు, మహిళలకు కయాక్ ఒక్కటే. ఒక పక్కకు మోకరిల్లి తెడ్డు వేయడం స్త్రీల శరీరానికి తగదన్న పాత వాదనలు చాలాకాలం చలామణీ అయ్యాయి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహిళల కెనూకు 2010లో పూర్తి హోదా వచ్చింది. ఒలింపిక్స్‌లో ఆ విభాగానికి చోటివ్వడం కోసం పురుషుల జంట కెనూను 2016 తర్వాత తొలగించారు. ఆ జంట విభాగంలో స్లొవేకియాకు చెందిన హోహ్షోర్నర్ కవల సోదరులు 2000 నుంచి 2008 వరకు వరుసగా మూడు స్వర్ణాలు గెలిచారు. ఆ అందమైన పోటీ పోవడం పాత అభిమానులకు బాధ కలిగించిందనడంలో సందేహం లేదు. అయినా నిర్ణయం న్యాయమైనదే.

టోక్యోలో కయాక్ కాంస్యం అందుకున్న రెండు రోజులకు ఒలింపిక్ మహిళల కెనూ తొలి ఫైనల్ జరిగింది. జెస్సికా ఫాక్స్ గెలిచింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో కయాక్, కెనూ రెండింటిలోనూ స్వర్ణాలు ఆమెవే. అవే క్రీడల్లో ఆమె చెల్లెలు నోయెమీ ఫాక్స్ కయాక్ క్రాస్ స్వర్ణం గెలిచింది. వారి తండ్రి రిచర్డ్ ఫాక్స్ బ్రిటన్ తరఫున ఐదుసార్లు వ్యక్తిగత కయాక్ ప్రపంచ చాంపియన్. అయితే 1992 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. తల్లి మిరియం 1996లో ఫ్రాన్స్‌కు కయాక్ కాంస్యం తెచ్చింది. ఆ ఇంట్లో ఒలింపిక్ స్వర్ణం మాత్రం తర్వాతి తరానికి మిగిలింది. కుటుంబం స్థిరపడినది పెన్‌రిత్‌లో, ఒలింపిక్ కాలువకు దగ్గరగా. ప్రతిభ వంశపారంపర్యమా, లేక ఇంటి దగ్గరున్న నీటి ప్రభావమా అంటే రెండూ అనే చెప్పాలి.

కయాక్ క్రాస్ పారిస్‌లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. గడియారంతో పోటీ పడే స్లాలమ్‌కు ఇది పూర్తి భిన్నం. నలుగురు ఒకేసారి ఎత్తైన వేదిక మీద నుంచి నీటిలోకి దూకుతారు. గాలి నింపిన గుర్తుల చుట్టూ తిరుగుతూ, ఒక నిర్ణీత చోట పడవతో సహా పూర్తిగా బోల్తా కొట్టి తిరిగి పైకి లేస్తూ, ఒకరినొకరు నెట్టుకుంటూ గమ్యం చేరాలి. ముందు వచ్చిన ఇద్దరు తర్వాతి దశకు వెళతారు. జరిమానా సెకన్ల లెక్కలు తెలియని ప్రేక్షకుడికీ అర్థమయ్యే పోటీ కాబట్టి టీవీకి నచ్చింది. పాతకాలపు స్లాలమ్ అభిమానులు దీన్ని కాస్త అనుమానంగానే చూస్తున్నారు.

ఎంపికలోని కాఠిన్యం గురించి ఒక మాట చెప్పాలి. ఒలింపిక్ స్లాలమ్‌లో ఒక్కో దేశం నుంచి ఒక్కో విభాగంలో ఒక్క పడవకే అనుమతి. ఫ్రాన్స్, బ్రిటన్, చెక్ రిపబ్లిక్, స్లొవేకియా వంటి దేశాల్లో ప్రపంచ స్థాయి క్రీడాకారులు నలుగురైదుగురు ఉంటారు. 2016 రియోలో కయాక్ స్వర్ణం గెలిచిన బ్రిటన్ క్రీడాకారుడు జో క్లార్క్‌కు టోక్యో జట్టులో స్థానమే దొరకలేదు. పారిస్‌కు తిరిగి వచ్చి కయాక్ క్రాస్‌లో రజతం గెలిచాడు.

ఆసియా దారి, భారత్ స్థానం

స్లాలమ్ పతకాలు అత్యధికం ఐరోపావే. ఆసియాకు తొలి ఒలింపిక్ పతకం 2016లో వచ్చింది. జపాన్‌కు చెందిన తకుయా హనెదా రియోలో కెనూ కాంస్యం గెలిచాడు. పాఠశాల చదువు ముగియగానే అతను స్లొవేకియాకు వెళ్లిపోయాడు. స్వదేశంలో తగిన సాధన మార్గం లేకపోవడమే కారణం. పతకం వచ్చేసరికి పదేళ్లు పరాయి నీటి మీద గడిచాయి. టోక్యో క్రీడల కోసం కసాయ్‌లో కట్టినదే జపాన్‌కు తొలి కృత్రిమ స్లాలమ్ కాలువ. అంతవరకు సంపన్న దేశమైన జపాన్‌కే ఆ సౌకర్యం లేదు.

మన దేశంలో పడవ క్రీడల పరిస్థితిని రెండుగా విడదీసి చూడాలి. నిలకడ నీటి మీద జరిగే స్ప్రింట్ విభాగంలో కొంత పురోగతి ఉంది. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో ఒక కాంస్యం, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలామ్ జోడీ గెలిచిన మరో కాంస్యం భారత్ ఖాతాలో ఉన్నాయి. హాంగ్‌జౌ వరకు ఆసియా క్రీడల స్లాలమ్‌లో భారత్‌కు పతకం రాలేదు. పంపులతో నడిచే ఒలింపిక్ స్థాయి కాలువ దేశంలో లేదు.

ఉన్నది మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్. నర్మదా నది అక్కడ నల్లటి బండల నడుమ లెక్కలేనన్ని పాయలుగా చీలి ఉరకలేస్తుంది. ఆ చోటును సహస్రధార అంటారు. వేయి చేతులతో నర్మదను ఆపబోయిన కార్తవీర్యార్జునుడి చేతుల సందుల్లోంచి నది ఇలా పారిందని స్థలపురాణం. అతని రాజధాని మాహిష్మతి ఇదేనని అక్కడివారి నమ్మకం. తెలుగు ప్రేక్షకులు ఆ పేరును సినిమాతో ముడిపెట్టుకున్నారు గాని, పురాణాల మాహిష్మతి నర్మద ఒడ్డుది. జాతీయ స్థాయి స్లాలమ్ పోటీలకు ఈ సహస్రధారే ప్రధాన వేదిక అయింది. 2023 జనవరి 30 నుంచి ఫిబ్రవరి 11 వరకు మధ్యప్రదేశ్‌లో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో కెనూ స్లాలమ్‌ను తొలిసారి చేర్చినప్పుడు పోటీలు ఇక్కడే నిర్వహించారు.

దేశంలో ఈ క్రీడకు వచ్చినవారిలో నర్మద తీరపు పడవవారి ఇళ్ల పిల్లలు ఉండటం గమనించదగ్గది. మధ్యప్రదేశ్ స్లాలమ్ క్రీడాకారుల్లో పలువురి ఇంటిపేరు కేవట్. తరతరాలుగా యాత్రికులను నది దాటించడం, చేపలు పట్టడం ఆ సముదాయపు వృత్తి. రాముణ్ణి గంగ దాటించిన కేవటుడి కథ తులసీదాసు రామాయణం ద్వారా ఉత్తరాదిన ఇంటింటికీ తెలిసినదే. ఈత, తెడ్డు, నీటి తీరు చిన్ననాటి నుంచి తెలిసిన పిల్లలు ఐరోపా క్లబ్బుల పిల్లలతో పోటీ పడదగినవారే. వారికి కరవైనది నైపుణ్యం కాదు. ఏడాది పొడవునా ఒకే తీరుగా పారే నీరు, విరిగితే మార్చుకోగల పడవలు, వేసవిలో ఐరోపా పోటీలకు వెళ్లివచ్చే ఖర్చు. సహస్రధారలో నీటి మట్టం వానలను బట్టి, ఎగువన ఉన్న ఓంకారేశ్వర్ ఆనకట్ట విడుదలను బట్టి మారుతుంటుంది. నిన్న నేర్చుకున్న మలుపు నేడు ఆ చోట ఉండకపోవచ్చు. సహజ నదిలో సాధన చేసినవారికి నీటిని చదవడం బాగా వస్తుంది. కాని ప్రపంచ పోటీల్లో ఫలితాన్ని తేల్చేది అదే మలుపును వందలసార్లు తిరిగి తిరిగి సాధన చేసిన చెయ్యి.

కేరళలో మరో రకం ప్రయత్నం సాగుతోంది. కోళిక్కోడ్ జిల్లాలోని తుషారగిరి దగ్గర, వానకాలంలో పొంగే చాలిప్పుళ, ఇరువళింజిప్పుళ నదుల్లో 2013 నుంచి మలబార్ నదీ ఉత్సవం పేరుతో అంతర్జాతీయ కయాకింగ్ పోటీలు జరుగుతున్నాయి. విదేశీ క్రీడాకారులు జూలై వానల కోసమే అక్కడికి వస్తారు. రిషికేశ్ దగ్గర గంగలో తెప్ప సవారీలు నడిపే యువకుల్లోనూ కయాక్ మీద దిట్టలు ఉన్నారు. అయితే పర్యాటకం నేర్పే ధైర్యం వేరు, గేట్ల మధ్య సెకన్లు లెక్కించే క్రమశిక్షణ వేరు. మొదటిది రెండోదానికి పునాది కాగలదు, దానంతటదే రెండోది కాలేదు.

తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే ప్రకృతి ఈ క్రీడకు అంతగా అనుకూలించలేదు. లీ వ్యాలీలో ఐదున్నర మీటర్ల వాలు 300 మీటర్లలో వస్తుంది. పాపికొండల మధ్య గోదావరి లోతుగా, నిండుగా సాగుతుంది. వరద రోజుల్లో అక్కడి సుడులు పడవలను మింగగలవు గాని అవి గేట్లు కట్టుకుని ఆడుకోదగ్గ నీళ్లు కావు. కృష్ణా తీరం, హుస్సేన్ సాగర్ నిలకడ నీటి పడవ క్రీడలకు తగినవి.

ముందున్నది ఏమిటి

2028 లాస్ ఏంజెలిస్ క్రీడల నిర్వాహకులు స్లాలమ్ కోసం కొత్త కాలువ కట్టడం లేదు. దాదాపు 1,900 కిలోమీటర్ల దూరంలోని ఓక్లహామా సిటీలో ఇప్పటికే నడుస్తున్న రివర్‌స్పోర్ట్ కేంద్రానికి పోటీని తరలిస్తున్నారు. ఆతిథ్య నగరం ఒక రాష్ట్రంలో, నీటి పోటీ మరెక్కడో జరగడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఏథెన్స్ గోడలను గుర్తు చేసుకుంటే ఇందులో వివేకం కనిపిస్తుంది. 2036 ఒలింపిక్స్ ఆతిథ్యానికి ఆసక్తి తెలుపుతూ భారత్ 2024లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి లేఖ అందజేసింది. ఆ అవకాశం వస్తే స్లాలమ్‌కు వేదిక చూపవలసి ఉంటుంది. నగరంలో పంపుల కాలువ కట్టడమా, లేక ఒకోయీ తరహాలో ఆనకట్ట దిగువన ఉన్న సహజ వాలును సవరించడమా అన్న ప్రశ్న అప్పుడు కాగితాల మీదకు వస్తుంది. రెండో దారిలో విద్యుత్ ఖర్చు తక్కువ. నదీ జలాల మీద సాగు, తాగునీటి అవసరాలతో పాటు ఒక క్రీడకూ వాటా అడగడం మాత్రం అంత తేలిక కాదు.

వేదిక సంగతి ఎలా ఉన్నా, అర్హతకు దారి ఇప్పటికీ తెరిచే ఉంది. పారిస్ క్రీడలకు ఎక్కువ స్థానాలు ప్రపంచ చాంపియన్‌షిప్ ఫలితాల నుంచి నిండాయి. మిగిలినవాటిలో కొన్నిటిని ఖండాల వారీ అర్హత పోటీల్లో, అప్పటికి ఆ విభాగంలో స్థానం పొందని దేశాల మధ్య పంచారు. ఆసియాలో చైనా, జపాన్ వంటి దేశాలు ప్రపంచ పోటీల్లోనే స్థానం దక్కించుకుంటే, ఖండపు కోటా కోసం మిగతా దేశాలు తలపడతాయి. మహేశ్వర్ పిల్లలు ఓడించవలసినది ఫ్రాన్స్‌నూ స్లొవేకియానూ కాదు. ఒక రోజు, ఒక కాలువలో, కర్ర తగలకుండా, తమలాగే చాలని నీటితో ఎదిగిన ఆసియా పడవలను.